సమైక్య మీటరు

మా ఇంటి ఓనరు ప్రేమ్‌సాగర్ గారు ఒక ఆదివారం పొద్దున గేటు ముందు మైకు పెట్టించి చారిత్రక ప్రకటన చేశారు.

"ఇయ్యాల్టి సంది గీ బిల్డింగుల ఒకరి చెమట ఇంకొకరి ఫ్యానుకు గాలి కాదు! కరెంటు బిల్లుల సామాజిక న్యాయం అమలు జేస్తున్న. ఎవరు ఎంత కాలిస్తే అంతే కట్టాలె. గిది నా మాట కాదు, నా శపథం!"

వినడానికి ఆ ఇంట్లో కిరాయికున్న వాళ్లం తప్ప ఎవరూ లేరు. మామూలుగా పిలిచినా వినపడేంత దగ్గరలోనే నిలబడ్డాం. కానీ మైకు లేకుండా చేసిన ప్రకటన చరిత్రకు వినపడదని ప్రేమ్‌సాగర్ గారి అభిప్రాయం. నాదీ అదే అభిప్రాయం. ఆయన అభిప్రాయం తెలుసుకున్నాక నా అభిప్రాయం ఏర్పరుచుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు.

ప్రేమ్‌సాగర్ గారు దేవరకొండలో అధికార పార్టీకి పట్టణ ఉపాధ్యక్షులు. ప్రభుత్వాలు మారాయి కానీ ఆయన ఎన్నడూ మారలేదు, ఎప్పుడూ అధికార పార్టీలోనే ఉన్నారు. మున్సిపల్ ఎన్నికలు రేపో మాపో అంటున్న రోజులవి. మా వార్డు టికెట్టు ఆయనకే ఖాయమని విశ్వసనీయ వర్గాలు చెప్పాయి. ఆ వర్గాలు కూడా ఆయనే.

నా పేరు వెంకటేష్. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. హక్కుల గురించి పిల్లలకు గొంతు బొంగురుపోయేలా చెప్పి, ఇంటికొచ్చాక మెట్ల మీద ఓనరు ఎదురైతే గోడకు అంటుకుని దారి ఇచ్చే మనిషిని.

బిల్డింగు గురించి కొంచెం చెప్పాలి. కింద మూడు పోర్షన్లు. ఒకదాంట్లో ఆర్టీసీ డ్రైవరు ఇస్రాయేలు, ఆయన భార్య సాలమ్మ. పక్కదాంట్లో బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడిపే గుర్వమ్మ. మూడోదాంట్లో మేకలూ గొర్రెలూ కొని అంగట్లో అమ్మే పర్వతాలు. మధ్య అంతస్తులో ఒక గదిలో నేను. మిగతా గదులన్నీ ప్రేమ్‌సాగర్ గారి ఆఫీసు. పై అంతస్తులో ఆయన కుటుంబం. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయనదే ఫిల్టర్ నీళ్ల ప్లాంటు. మా వైపు బోరు నీళ్లు తాగితే పిల్లల పళ్లు పచ్చబడతాయి, పెద్దవాళ్ల మోకాళ్లు బిగుసుకుంటాయి. అందుకని డబ్బా నీళ్లకు గిరాకీ ఎక్కువ. ప్లాంటు పొద్దస్తమానం గుయ్యిమంటూనే ఉంటుంది.

ఇంతటికీ కరెంటు మీటరు ఒకటే.

అంతకుముందు పద్ధతి చాలా మొరటుగా ఉండేది. నెల మొదట్లో ప్రేమ్‌సాగర్ గారు ఒక అంకె చెప్పేవారు. కింద ముగ్గురు, పైన నేను, నలుగురం సమానంగా పంచుకుని ఇచ్చేవాళ్లం. ఆ ఎండాకాలం అంకె బాగా ఎత్తుకు పోయింది. గుర్వమ్మ గ్రైండరు వల్లనే అని సాలమ్మ అంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దంతా కూలరు కింద పండుకునే నీ మొగని వల్లనే అని గుర్వమ్మ అంది. నల్లా దగ్గర ఇద్దరూ ఒకరి మీదికొకరు బిందెలు ఎత్తారు. సర్ది చెప్పబోయిన పర్వతాలుకు రెండు వైపుల నుంచీ తిట్లు పడ్డాయి. ప్రేమ్‌సాగర్ గారు ఇదంతా పై అంతస్తు బాల్కనీ లోంచి చూశారు. చూసి చలించారు. ఆ చలనం ఫలితమే పైన చెప్పిన మైకు.

ప్రకటన కాగానే ఇస్రాయేలు చెయ్యెత్తాడు.

"అన్నా, గింత కథెందుకు? తలా ఒక సబ్ మీటరు పెట్టుకుంటం. ఎవలు కాల్చింది వాళ్లు కడుతరు. అయిపాయె."

ప్రేమ్‌సాగర్ గారి మొహం నల్లబడింది. మైకు కిందికి దించారు. మళ్లీ ఎత్తారు.

"ఇస్రాయేలూ, నువ్వేమడుగుతున్నవో నీకు ఎర్కేనా? ప్రత్యేక మీటరు! ఇయ్యాల ప్రత్యేక మీటరంటవ్. రేపు ప్రత్యేక నల్లా అంటవ్. ఎల్లుండి ప్రత్యేక గేటంటవ్. గట్ల జేస్తే బిల్డింగు ముక్కలైతది. నా పానం పోయినా సరే, గీ బిల్డింగును విభజించనియ్య!"

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రైలు పట్టాల మీద పడుకున్న ఫోటో ఆయన ఆఫీసు గోడ మీద ఇప్పటికీ ఉంది. ఆ పట్టాల మీద రైళ్లు తిరగడం ఎప్పుడో మానేశాయని గిట్టనివాళ్లు అంటారు. అది వేరే విషయం. రాష్ట్రం దగ్గర విభజనవాది, మీటరు దగ్గర సమైక్యవాది. ఇంత సూక్ష్మమైన రాజకీయ సిద్ధాంతం మా సిలబస్‌లో లేదు. మర్నాడు క్లాసులో నేనే చెప్పాను.

"మరి ఎవరు ఎంత కాల్చిన్రో ఎట్ల తెలుస్తది?" అని పర్వతాలు అడిగాడు.

"కమిటీ తేలుస్తది," అన్నారు ప్రేమ్‌సాగర్ గారు. "కరెంటు సమన్యాయ కమిటీ! దీనికి కన్వీనర్‌గ మన వెంకటేష్ సారును ప్రకటిస్తున్న. చదువుకున్నోడు, నిజాయితీపరుడు, ఎదురు మాట్లాడడు."

కన్వీనర్! ఆ మాట చెవిన పడగానే నాకు వెన్ను నిటారుగా అయింది. పదేళ్ల సర్వీసులో నాకు దక్కిన పెద్ద పదవి కాలేజీ వార్షికోత్సవంలో చెప్పుల దగ్గర డ్యూటీ.

సాయంత్రానికి గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది. నిలువెత్తు ప్రేమ్‌సాగర్ గారు నమస్కరిస్తున్నారు. నేను అడుగున, కుడి మూలన, ఐదు రూపాయల బిళ్లంత ఉన్నాను. అంత పెద్దగా పడడం ప్రింటింగు వాళ్ల పొరపాటని తర్వాత తెలిసింది. అయినా కాలేజీకి పోతూ వస్తూ ఆ మూల దగ్గర నడక కొంచెం నెమ్మది చేసేవాణ్ణి.

మొదట సర్వే మొదలుపెట్టాను. గుర్వమ్మ దగ్గరికి వెళ్లి, గ్రైండరు రోజూ ఎంతసేపు తిరుగుతుందని అడిగాను.

"పిండి మెత్తగయ్యేదాంక."

"సుమారుగా చెప్పక్కా."

"సుమారుగ మెత్తగైతే ఇడ్లీ రాయైతది సారు. గిరాకీ నా మొఖాన గొడుతది." చేతులకున్న పిండి కొంగుకు తుడుచుకుని ఆమె వెనక షెడ్డు వైపు చూపించింది. "నా గ్రైండరు సంగతి అడుగుతున్నవ్. గా నీళ్ల మిషను పొద్దూమాపు నడుస్తాంది గదా. అది ఏ మీటరు మీద నడుస్తాంది?"

నిజాయితీగా చెప్పాలంటే ఆ ప్రశ్న నాకూ వచ్చింది. కానీ నాకు ప్రశ్నలు వచ్చినంత తొందరగా పోతాయి. దీనికి మాత్రం సమాధానం తెస్తానని మాట ఇచ్చాను కాబట్టి పైకి వెళ్లాను. ప్రేమ్‌సాగర్ గారు ఏసీ వేసుకుని ఆఫీసులో ఉన్నారు.

"సారూ, ప్లాంటు నాదనుకుంటున్నవా?" అన్నారాయన నొచ్చుకుంటూ. "పేరే నాది. సేవ ప్రజలది. పిల్లల పండ్లు పచ్చవడకుంట కాపాడుతున్నం. పండ్ల మీద రాజకీయం చేస్తమా?"

"చేయం అన్నా."

"మీ ఇంట్ల ఏ నీళ్లు తాగుతున్నరు?"

"మీ ప్లాంటువే."

"అంటే మీరెవరు?"

"గిరాకీ..."

"లబ్ధిదారులు! సేవ పొందేటోళ్లు ఆ సేవకు అయ్యే కరెంటు పంచుకోవాల్నా వద్దా?"

"పంచుకోవాలె."

"మరి గీ ఏసీ? జనం వచ్చి కష్టాలు చెప్పుకునేటప్పుడు చెమటలు పడితే, ఏది కన్నీరో ఏది చెమటో నాకెట్ల తెల్వాలె?"

ఇంత లోతుగా నేను ఆలోచించలేదు. సిగ్గుపడుతూ కిందికి వచ్చి, ప్లాంటూ ఆఫీసూ పై అంతస్తూ ప్రజా ప్రయోజనం కింద అందరికీ ఉమ్మడి అని గుర్వమ్మకు చెప్పాను.

"అంటే నీళ్లకూ మేమే పైసలియ్యాలె, నీళ్లు తయారైన కరెంటుకూ మేమే ఇయ్యాలె."

"లబ్ధిదారులం గదక్కా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గా ముక్క చదువుకున్నవని అంటున్నవా సారు, కిరాయికున్నవని అంటున్నవా?"

"రెండూ," అన్నాను. కన్వీనర్ అబద్ధం చెప్పకూడదు.

పర్వతాలు దగ్గర సర్వే ఇంకాస్త చిక్కుముడి పడింది. అంగడికి ముందు రోజు అతను మెట్ల కింద మేకలు కట్టేస్తాడు. అక్కడ బల్బు తెల్లారేదాకా వెలుగుతుంది.

"మేకలకు లైటెందుకు?"

"మేకలకు కాదు సారు, దొంగలకు. ఎలుగుంటే రారు."

వాడకందారు మేకా, దొంగా, పర్వతాలా అన్నది తేలక కమిటీ ముందు పెట్టాను. ప్రేమ్‌సాగర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించి, ఒక్కో మేకను పావు మనిషిగా లెక్కించాలని తీర్పు ఇచ్చారు.

"అయితే నాలుగు మేకలు గలిస్తే ఒక ఓటైతదా అన్నా?" అని పర్వతాలు అడిగాడు.

వేళాకోళానికే అడిగాడు. కానీ ప్రేమ్‌సాగర్ గారి దృష్టి మెట్ల కింద మేకల మీద నిలిచింది.

ఎట్టకేలకు ఫార్ములా తయారైంది. మనుషులు ఎందరు, ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు, ఏమేం వాడతారు, ఎవరి ఇంటికి ఎందరు చుట్టాలు వస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరింటికైనా మనిషి వచ్చి రాత్రి ఉంటే కన్వీనర్‌కు చెప్పాలి, అదనంగా కట్టాలి. ప్రతిసారీ అన్ని వాటాలూ కలిపితే మొత్తానికి కొంత తక్కువ పడేది. ఆ తక్కువ పూడ్చే గౌరవం కన్వీనర్‌దని ప్రేమ్‌సాగర్ గారు అన్నారు. పూడ్చాను.

నా భార్య శ్రీదేవి అమ్రాబాద్‌లో గురుకుల పాఠశాల టీచరు. అక్కడే ఉంటుంది. సెలవు దొరికితే దేవరకొండ వస్తుంది. ఈసారి వచ్చేసరికి నిబంధన అమల్లో ఉంది. నాయకత్వం అనేది సొంత ఇంటి నుంచే మొదలు కావాలి కాబట్టి ఆమెను నేనే చుట్టం కింద రాసుకున్నాను.

"ఎవరికి చుట్టం?" అంది శ్రీదేవి, బ్యాగు ఇంకా భుజం మీదనే ఉంది.

"బిల్డింగుకు."

"ఫ్యాను ఏసుకోవచ్చునా మరి?"

"వేసుకో. నేను కడతాను."

ఆమె వేసుకోలేదు. లెక్కల టీచరు కదా, మెచ్చుకుంటుందని ఫార్ములా చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివింది.

"ఇందుల ఓనరు యాడున్నడు?"

"ఈక్వల్ టు అవతల."

శ్రీదేవి కళ్లద్దాలు తీసి, కిందికి దిగి, గుర్వమ్మ గడప మీద కూర్చుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వడం నాకు వినపడింది. ఫార్ములాలో నవ్వుకు ఎక్కడా చోటు లేదు కాబట్టి పట్టించుకోలేదు.

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఇస్రాయేలు కూతురు మల్లిక కాన్పుకు వచ్చింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినప్పుడు చూశాను. ఇస్రాయేలు అరచేతి నుంచి మోచేతి దాకా కూడా లేదు. బరువు పెరిగేదాకా వెచ్చగా ఉంచాలని డాక్టరమ్మ చెప్పిందట. సాలమ్మ మంచం పక్కన స్టూలు మీద పెద్ద బల్బు పెట్టి, రాత్రీ పగలూ ఆర్పకుండా ఉంచింది.

ఆ నెల ఫార్ములా ప్రకారం లెక్క వేస్తే, బిల్డింగులో అందరికంటే ఎక్కువ కరెంటు వాడుతున్నది ఆ పసిబిడ్డ అని తేలింది. నేను రెండుసార్లు వేశాను. రెండుసార్లూ అదే తేలింది. ఫార్ములా పక్షపాతం ఎరగదు.

కమిటీ అత్యవసరంగా కూర్చుంది.

"పుట్టంగనే గింత కరెంటు కాల్చినోళ్లు పెరిగినంక ఎంత కాలుస్తరు?" అన్నారు ప్రేమ్‌సాగర్ గారు దిగులుగా. "గిది రాష్ట్ర సమస్య. సారూ, రాయి. సభ్యురాలి పేరు?"

"పేరింకా పెట్టలే అన్నా," అన్నాడు ఇస్రాయేలు.

"పేరు లేకుండా ఎలా రాయను?" అన్నాను నేను.

"రాయకు సారు."

"రాయకుంటే ఎట్ల? చుట్టమా, సభ్యురాలా?" అన్నారు ప్రేమ్‌సాగర్ గారు.

ఇస్రాయేలు అంతదాకా కూర్చునే ఉన్నాడు. ఇప్పుడు లేచాడు. "మనుమరాలన్నా," అన్నాడు. "ఆ పొల్ల బతుకుతదో లేదో అని మేం పరేషానైతున్నం. నువ్వు బల్బు లెక్క జేస్తున్నవ్. నేనియ్య. ఏం జేసుకుంటవో చేసుకో." అని వెళ్లిపోయాడు.

ఇచ్చేదాకా ఆ పోర్షను ఫ్యూజు తీసెయ్యాలని కమిటీ తీర్మానించింది. కమిటీ అంటే అప్పటికి ప్రేమ్‌సాగర్ గారూ నేనూ. తీర్మానం అమలు చేయవలసింది కన్వీనర్.

నేను కిందికి వెళ్లాను. ఫ్యూజులన్నీ సాలమ్మ గడప పక్కనే గోడకున్నాయి. నన్ను చూసి సాలమ్మ బయటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపలికి పోయి, బట్టలో చుట్టిన బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పట్టుకో సారు. బల్బు నేనే ఆర్పుత. నువ్వే ఎచ్చగ వెట్టు."

అన్నంత పనీ చేసింది. లోపల చీకటైంది. బిడ్డకు బరువు లేదు. నా గుండెకు ఆనించి పట్టుకుంటే చొక్కా గుండీని వేళ్లతో పట్టుకుంది. కన్వీనర్ హోదాలో ఏదైనా చెప్పాలని చూశాను. మంచం మీద మల్లిక లేచి కూర్చుని, దుప్పటి గుప్పిట్లో పట్టుకుని, నా చేతులకేసే చూస్తోంది. ఎక్కడ పడేస్తానోనని.

"బల్బు వెయ్యమ్మా," అన్నాను చివరికి.

పైకి వెళ్లి ప్రేమ్‌సాగర్ గారితో ఫ్యూజు తుప్పు పట్టి ఊడి రావడం లేదని చెప్పాను. నా జీవితంలో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే. దాన్ని కూడా తుప్పు మీదికి తోశాను.

"మంచిది," అన్నారాయన. "నీతోని కాని పని ఇంకొకరు చేస్తరు."

మర్నాడు ప్లాంటులో పనిచేసే మనిషి వచ్చి ఫ్యూజు సునాయాసంగా పీకేశాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గుర్వమ్మ కిటికీ లోంచి సాలమ్మ కిటికీలోకి ఒక వైరు వేలాడుతోంది. నల్లా దగ్గర ఒకరి మీదికొకరు బిందెలెత్తిన ఆడవాళ్లిద్దరూ ఆ వైరుకు అటూ ఇటూ నిలబడి, తడవకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు చుడుతున్నారు. సాలమ్మ ఇంట్లో బల్బు వెలుగుతోంది.

ప్రేమ్‌సాగర్ గారు బాల్కనీ లోంచి అది చూసి, అనుమతి లేని సరఫరా అన్నారు. రేపు గుర్వమ్మ ఫ్యూజు కూడా తీయిస్తానన్నారు.

"తియ్యి," అంది గుర్వమ్మ కింద నుంచే. "పిండి పక్కింట్ల రుబ్బుకుంట. గీ ఇంట్ల ఉన్నన్ని దినాలు నేను రుబ్బింది చాలు."

ఆ ఆదివారం ముగ్గురూ ఒకేసారి ఖాళీ చేశారు. పర్వతాలు మేకలు తోలే ట్రాలీ ఆటోలోనే మూడిళ్ల సామాను సర్దారు. గ్రైండరు మధ్యలో, దాని చుట్టూ పరుపులు. మల్లికను బిడ్డతో ముందు సీట్లో కూర్చోబెట్టారు. బస్ డిపో వెనక ఏదో పాత ఇల్లట. ఇస్రాయేలుతో పనిచేసే డ్రైవరుది.

నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. పర్వతాలు తాడు బిగిస్తూ తలెత్తాడు.

"సారు, గాడ ఇంకొక అర్ర ఖాళీగున్నది. నీ సామాను ఎంతుంటది? ఏస్తే ఏద్దాం దా."

నాకు నిజంగానే కాలు కదిలింది. ఒక మెట్టు దిగాను. కానీ అప్పుడే గేటు మీద ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంది. కుడి మూల కనిపించింది.

"ఎట్లా వస్తాను పర్వతాలూ? కమిటీ ఉంది గదా."

"కమిటీల ఇంకెవలున్నరు?" అంది గుర్వమ్మ.

"కన్వీనర్ ఉన్నాడు," అన్నాను.

గుర్వమ్మ ఆటో ఎక్కబోతూ ఆగి, టిఫిన్ బండి డబ్బాలోంచి ఇడ్లీలు తీసి ఆకులో కట్టి నా చేతిలో పెట్టింది. ఆటో మలుపు తిరిగేదాకా గ్రైండరు రాయి దడదడలాడిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత ప్లాంటు చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఆ నెల ఫార్ములా చాలా తేలికైంది. మనుషులు: ఒకరు. చుట్టాలు: లేరు. మేకలు: లేవు. గ్రైండరు, కూలరు, పసిబిడ్డ: లేవు. నా పదవీకాలంలో ఇంత ప్రశాంతంగా లెక్క ఎన్నడూ తేలలేదు.

బిల్లు మాత్రం పోయిన నెల ఎంత వచ్చిందో ఇంచుమించు అంతే వచ్చింది.

నేను మీటరు దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. నా గదిలో ఒక ఫ్యానూ, ఒక ట్యూబ్‌లైటూ ఉన్నాయి. చలికాలం కాబట్టి ఫ్యాను ఆపేసే ఉంది. ట్యూబ్‌లైటు మీదే అనుమానం నిలిచింది.

ప్రేమ్‌సాగర్ గారు స్వయంగా కిందికి దిగి వచ్చి నా భుజం తట్టారు.

"చూసినవా సారూ? మూడు కుటుంబాలు పోయినయ్. బిల్లు కదల్లేదు, మెదల్లేదు. గదీ మన వ్యవస్థ గట్టితనం."

"అవునన్నా. కానీ మరి వాళ్లు అంత కాలుస్తున్నారని..."

"కాలుస్తలేరని తేలింది గదా! గ్రైండరు మీద, కూలరు మీద, పసిబిడ్డ మీద పడ్డ నింద ఇయ్యాల్టితోని పోయింది. ఆ గరీబోళ్లకు న్యాయం చేసిందెవరు? మన కమిటీ. గింతకన్న సామాజిక న్యాయం ఉంటదా?"

నాకు కళ్లు చెమర్చాయి. ఏసీ గదిలో కాదు కాబట్టి అది కన్నీరో చెమటో ఆయన గుర్తుపట్టి ఉండకపోవచ్చు. బిల్లు మొత్తం కన్వీనరే ఒక్కసారిగా కట్టనవసరం లేదని, రెండు విడతల్లో ఇవ్వవచ్చని పెద్దమనసుతో చెప్పి పైకి వెళ్లారు.

తర్వాతి సెలవుకు శ్రీదేవి వస్తుందని బస్టాండుకు వెళ్లాను. అమ్రాబాద్ వైపు నుంచి బస్సు వచ్చింది, ఆమె దిగలేదు. ఫోన్ చేశాను.

"పొద్దుగాల బస్సుకే వచ్చిన," అంది. వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు, సాలమ్మ గొంతు వినపడుతున్నాయి. "గుర్వమ్మ దగ్గర్నే ఉన్న. పాపకు ఇయ్యాల పేరు వెడుతున్నరు. వస్తే రండ్రి."

"ఇవాళ కుదరదు. సాయంత్రం సభ ఉంది."

"మంచిది," అంది. "పాప బరువు పెరిగింది. అడుగుతరేమో అని చెప్తున్న." ఫోన్ పెట్టేసింది.

సభ సంగతి ఇది. వార్డు టికెట్లు తేల్చడానికి హైదరాబాదు నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చారు. ప్రేమ్‌సాగర్ గారు మా వీధిలో షామియానా వేయించి 'ఆదర్శ భవనం' పేరుతో సభ పెట్టారు. ఒక్క గొడవ లేని, ఒక్క ఫిర్యాదు లేని బిల్డింగు తన చేతుల మీదుగా తయారైందని, వార్డు కూడా అట్లనే చేస్తానని ఆయన చెప్పారు. అందులో అతిశయోక్తి లేదు. ఆ నెల ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక 'కన్వీనర్' అని కాగితం అంటించారు. పరిశీలకుడు నాకు శాలువా కప్పారు. ఫోటో తీశారు. జనం చప్పట్లు కొట్టారు. ఇంతవరకు జీవితం చాలా అందంగా ఉంది.

అప్పుడు పరిశీలకుడు ప్రేమ్‌సాగర్ గారి చెవిలో ఏదో అన్నారు. ప్రేమ్‌సాగర్ గారు మైకు అందుకుని, "ఇప్పుడు బిల్డింగుల కిరాయికున్న లబ్ధిదారులు వేదిక మీదికి రావాలని కోరుతున్న. పెద్దసారు వాళ్లతోని మాట్లాడుతరంట," అన్నారు.

ఎవరూ రాలేదు. జనం వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను.

ప్రేమ్‌సాగర్ గారు మైకును అరచేతితో మూసి నా వైపు వంగారు. "సారూ, జర గిటు దిక్కు దిగి, ఎనక నుంచి తిరిగి, అటు మెట్లెక్కి రా."

దిగబోతుంటే ఒక కార్యకర్త నా శాలువా మెల్లగా లాగి మడత పెట్టుకున్నాడు. తెచ్చింది ఒక్కటేనట. నేను వేదిక వెనక తాళ్లు దాటుకుని, జనరేటరు పక్క నుంచి తిరిగి, అవతలి మెట్లు ఎక్కి వచ్చాను. పరిశీలకుడు ఆప్యాయంగా ఎదురొచ్చి అదే శాలువా కప్పారు. ముఖం చూసినట్టు లేరు. మైకు నా నోటి దగ్గర పెట్టారు.

"ఎట్లున్నది బాబూ, బిల్డింగుల మీకు?"

"బాగుందండి."

"భయపడకుంట చెప్పు. బిల్డింగుల ఎవరికన్నా ఇబ్బంది ఉన్నదా?"

నేను కొంచెం ఆలోచించాను. కన్వీనర్ అబద్ధం చెప్పకూడదు. లబ్ధిదారుడు కూడా చెప్పకూడదనే అనుకుంటాను.

"ఎవరూ లేరండి," అన్నాను.

షామియానా దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. పరిశీలకుడు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంతటి సేవ చేసిన కన్వీనర్ గారికి లబ్ధిదారుల తరఫున కృతజ్ఞతలు చెప్పమన్నారు. చెప్పాను. వేదిక మీదున్న పెద్దలంతా లేచి, కన్వీనర్ కుర్చీ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

నేనూ తిరిగి కొట్టాను. కుర్చీ ఖాళీగా ఉంది.